వడగట్టిన రక్తం

రక్తం వడగట్టే యంత్రం పక్కన, రెండు చేతులకీ సూదులతో అక్క. ఎవరినీ రానివ్వని గాజు గదిలో తమ్ముడు. స్పీకరు పెట్టిన ఫోను నర్సు చేతిలో.

"ఏమన్నావ్? విచారణలో చెప్పింది నిజమేనంటావా? మళ్ళీ అను."

"వినబడింది నీకు. సిస్టర్, ఫోను పెట్టేయండి."

"పెట్టొద్దు. ఏళ్ళ తర్వాత దొరికాడు వీడు."

"అమ్మా, చెయ్యి కదపకండి. గొట్టం మడత పడుతుంది."

"ఈ సూదులు తీసేయమంటే తీసేస్తారా?"

"తీసేయాల్సిందే. మీకిష్టం లేకుండా చుక్క కూడా తీసుకోం. కానీ ఆయనకి..."

"ఆయనకి?"

"రక్త క్యాన్సరుకి వేస్తున్న మాత్రలు పనిచేయడం మానేశాయి. ఎముక మూలుగలో ఉండాల్సిన మూలకణాలు పాడైపోయి, రక్తంలోకొచ్చి తిరుగుతున్నాయి. వాటిని చంపడానికి మందు ఎక్కించేశాం. మంచివీ పోయాయి. ఇంజెక్షన్లిచ్చి మీ కణాల్ని రక్తంలోకి రప్పించింది అందుకే. అవి వెళ్తేనే ఆయనలో మళ్ళీ రక్తం పుడుతుంది."

"వెళ్ళకపోతే?"

"ఆవిడ్నెందుకు నలిపేస్తావ్? నేను చెప్తున్నా. పోతాను."

"సరే. అయితే ఇప్పుడు చెప్పు. విచారణలో మా ఆయన మీద చెప్పింది అబద్ధమని ఒప్పుకో."

"అక్కా..."

"అక్కా అనకు. ఆయన డ్రైవరు, నువ్వు కండక్టరువి. బస్సు గోడని గుద్దింది. బ్రేకు పడలేదని ఆయనన్నాడు. తాగాడని నువ్వన్నావు. ఉద్యోగం పోయింది. ఆ దిగులుతోనే మనిషీ పోయాడు."

"బావని ఆఖరిచూపు కూడా చూడనివ్వలేదు నువ్వు."

"ఎందుకు చూడనిస్తాను? అబద్ధమని ఒక్క మాట అను. ఆ ఇంజెక్షన్లకి నడుం విరిగిపోతోంది, అయినా పడుంటాను. అనకపోతే ఇప్పుడే లేచిపోతాను."

"సార్, అనేయండి. ఒక్క మాటేగా."

"మీరూరుకోండి సిస్టర్."

"భయం లేదట్రా నీకు?"

"ఎందుకు లేదు? ఉంది. కానీ బావ తాగాడు. బస్సెక్కేటప్పుడే వాసనొచ్చింది. దిగమన్నాను. వినలేదు."

"ప్రాణం పోతుందన్నా అదే మాటా?"

"అదే మాట. లేచిపోతే పో."

"అమ్మా, మీరు చెప్పండి. సూదులు తియ్యమంటారా?"

"ఉండనీండి. ప్రాణం మీదికొచ్చినా అబద్ధమాడనివాడు అప్పుడు మాత్రం ఎందుకాడతాడు? ఆడింది మా ఆయన. నాతో."