టూర్కులో విటోమీర్ సాన పట్టిన కత్తి

యెరిత్సా సంచిలో ఎరాస్మస్ దరఖాస్తు ఉంది, విద్యార్థుల్ని వేరే దేశం పంపి చదివించే పథకానిది. ఫిన్లాండులోని టూర్కులో ఒక సెమిస్టరు చదువు. ఇవాళే ఆఖరు రోజు, రెండింటికల్లా ఆఫీసు మూసేస్తారు. అన్నీ అయిపోయాయి, తన సంతకం ఒక్కటే మిగిలింది. దానికే ధైర్యం చాలడం లేదు. అక్కడ చదివొచ్చినవాణ్ణి అడిగితే కాస్త ధైర్యం వస్తుందని ల్యుబ్లియానా ఊళ్ళో ఏటి ఒడ్డున, బురెక్ అనే నూనె పొరల రొట్టెలమ్మే జోఫ్కా కొట్టు దగ్గరికి వచ్చి, పాపం, విటోమీర్ నోటికి చిక్కింది.

"నేనక్కడ పొడిచిందేం లేదే," అన్నాడు విటోమీర్, నూనె వేళ్ళు తుడుచుకుంటూ. "ఒక్క నోటి పరీక్ష పాసయ్యాను, అంతే. కాకపోతే వాళ్ళ భాషలో. మూడు రోజుల్లో నేర్చేసుకున్నాన్లే."

"మూడు రోజుల్లోనా?"

"రెండున్నర. సరే, పరీక్ష ఎక్కడనుకున్నావు? సౌనాలో! ఆవిరి గదిలో పై మెట్టు మీద తువ్వాలు కట్టుకుని నేను, చుట్టూ అయిదు దేశాల డీన్లు, ప్రశ్నకో చెంబు చొప్పున కాలే రాళ్ళ మీద నీళ్ళు పోస్తున్నారు, ఆవిరి బుస్సుమంటోంది, ఆరో ప్రశ్నకి స్పెయిన్ డీను పరారు, తొమ్మిదో ప్రశ్నకి జర్మనీ ఆయన్ని మోసుకుపోయారు, నేనేమో 'సార్, కొంచెం చలిగా ఉంది, ఇంకో చెంబు పొయ్యండి' అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" యెరిత్సా సంచిని దగ్గరికి లాక్కుంది.

"మంచు గడ్డకి కన్నం కొట్టి సముద్రంలోకి దూకమన్నారు. దూకాను. దూకినవాణ్ణి ఊరికే ఉంటానా, ఈదుకుంటూ పోతే మధ్యాహ్నానికి స్వీడన్‌లో తేలాను! ఒడ్డున రెండు దేశాల యూనివర్సిటీ పెద్దలు, రెక్టర్లిద్దరూ కొట్టుకు చస్తున్నారు, మీ మార్కులు మేం ఒప్పుకోమంటే మీవి మేం ఒప్పుకోమని. 'ఛీ ఛీ, పెద్దవాళ్ళు మీరే ఇలాగైతే ఎలాగండీ?' అని ఇద్దరి చేతులూ కలిపించి, ఒప్పందం రాయించి, ఆ కాగితం పళ్ళతో పట్టుకుని సాయంత్రానికి ఈదుకుంటూ వెనక్కొచ్చాను. తడిసిందా? ఒక్క అక్షరం చెదర్లేదు! ఆ సంబరంలో డాక్టరు టోపీ పెట్టి, చేతికి కత్తి ఇచ్చారు."

"చదువుకుంటే కత్తి ఇస్తారట్రా!" జోఫ్కా కొట్టులోంచి పకపకా నవ్వింది.

"కత్తి నిజమేనండీ," అంది బురెక్ కోసం వచ్చిన ఓ పొడుగాటి పిల్ల. "డాక్టరేటు ఇచ్చినప్పుడు టోపీ, కత్తి ఇస్తారు. నా పేరు సైమి. మాది టూర్కే. ఇక్కడికి సెమిస్టరు చదవడానికొచ్చాను."

విటోమీర్ ముఖం ఒక్క క్షణం పాలిపోయి, అంతలోనే వికసించింది. "విన్నావా! ఇప్పుడైనా నమ్ముతావా?"

యెరిత్సా నమ్మింది. కత్తే నిజమైతే కన్నమూ నిజమే, సౌనా పరీక్షా నిజమే. నా వల్ల ఎక్కడవుతుంది! ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. దరఖాస్తు బయటికి తీసి, చింపేద్దామని పట్టుకుంది.

"మరి కత్తికి ముందురోజు సాన పడతారు కదా," అంది సైమి, ఎంతో ముచ్చటగా. "సానరాయి మీద ఏం పోశారు?"

"ఏం పోస్తారమ్మా, మంచునీళ్ళు! నా దోసిలితో నేనే పోశాను."

"మా ఊళ్ళో నురగ వైను పోస్తారు. మా బాబాయి సానపట్టిన రోజు రాయి తాగింది సగం, ఆయన తాగింది సగం. ఆ వేడుక చూసినవాళ్ళెవరూ అది మర్చిపోరు."

"అక్కడున్నానంటున్న ఆ చలికాలమంతా వీడు పొద్దున్నే నా కిటికీ ముందే తగలడేవాడు కదా," అంది జోఫ్కా. "రోజుకి రెండు బురెక్‌లు. ఫిన్లాండు నుంచి ఈదుకుంటూ వచ్చేవాడివట్రా?"

విటోమీర్ చేతిలోని సగం తిన్న బురెక్‌ని అటూ ఇటూ తిప్పాడు. చెవులు ఎర్రబడ్డాయి. చివరికి నేల చూస్తూ, "సీటొచ్చింది. టిక్కెట్టు కూడా కొన్నాను," అన్నాడు. "బస్సు మెట్టు దాకా వెళ్ళాను. భయమేసింది. వెనక్కొచ్చేశాను. అందరూ అడుగుతుంటే ఏదో ఒకటి చెప్పాలి కదా."

"ఓరి నీ భయం పాడుగాను!" యెరిత్సాకి కోపమూ నవ్వూ కలిసి వచ్చేశాయి. "నువ్వు భయపడి అల్లిన కథకి నేను భయపడి చచ్చానా!"

కొట్టు బల్ల మీదే కాగితం పరిచి టకటకా సంతకం పెట్టేసింది. సైమి వైపు తిరిగింది. "నిజం చెప్పు, అక్కడ చలెక్కువా?"

"చాలా ఎక్కువ. మంచి కోటు కొనుక్కో. ఇక్కడికొచ్చిన మొదటివారం నేనూ ఏడ్చాను."

రెండు కావడానికి ఇంకా పాతిక నిమిషాలున్నాయి. యెరిత్సా నాలుగడుగులు పరిగెత్తి, ఆగి వెనక్కి చూసింది.

"ఏయ్ విటోమీర్! టూర్కుకి ఇంకో సీటు ఖాళీగా ఉందిరా, ఫారం ఆఫీసులోనే ఇస్తారు. వస్తావా, లేక ఇంకో బురెక్ తింటావా?"

వాడు చేతిలోని బురెక్ జోఫ్కా ముందు పెట్టేసి పరుగందుకున్నాడు.