లేబుల్ సరిగ్గానే ఉంది

ఇదేం పద్ధతక్కా. పాస్‌పోర్టు చేయించుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి విమానమెక్కి, ఇంత దూరం వచ్చి, తీరా ఇవాళ రెండింటికి టాక్సీ చెప్పాక, నేను వెళ్లనంటే ఎలా? మూడున్నరకి మీకిచ్చిన టైము. జైలు చాంగీలో, మనమేమో ఈ చోవా చూ కాంగ్‌లో. ఊరికి ఆ కొస అది, ఈ కొస ఇది. ఆలస్యమైతే లోపలికి పంపరు. మళ్లీ ఇంకో రోజు అడిగేలోగా మీ వీసా అయిపోతుంది.

ముందా కాఫీ తాగండి. చల్లారిపోతోంది. పోనీ వేరేది కలపనా?

వద్దా. సరే.

నాకు అర్థం కాలేదని కాదక్కా. పొద్దున్న మీరన్న మాట అప్పట్నుంచీ నా చెవుల్లోనే ఉంది. గంజాయి ముట్టినోడు నాకు తమ్ముడు కాడన్నారు. అన్నం ముందు కూర్చుని, ముద్ద కలిపి, తినకుండా అన్నారు.

మీ ఆయన సంగతి మీ తమ్ముడే, ఏసుబాబే నాకు చెప్పాడు. నర్సీపట్నం అవతల కొండల్లోంచి మూటలు దింపితే కూలి ఎక్కువిస్తారని వెళ్లడం, మూడో మూటకే దొరికిపోవడం. వారం వారం క్యారేజీ పట్టుకుని మీరు జైలు గేటు ముందు నిలబడ్డం. ఆయన బయటికొచ్చి ఏడాది తిరక్కుండానే పోవడం. ఇక జన్మలో జైలు గుమ్మం తొక్కనని మీరు అన్నారట కదా. అదీ చెప్పాడు.

ఆ వాసన తగలకూడదనే కదూ వాణ్ణి ఇక్కడికి పంపించారు. పంపే ముందు బైబిలు మీద చెయ్యి పెట్టించి, బీడీ కూడా ముట్టనని ఒట్టేయించుకున్నారు. వాడు నవ్వుతూ చెప్పేవాడు. పన్నెండేళ్లయింది శ్యామలక్కా, ఇప్పటికీ మా సువార్తక్క కలలోకొచ్చి నోరు వాసన చూత్తది అనేవాడు.

అలాంటివాడు గంజాయి ఎందుకు ముట్టాడని మీరు ఒక్కసారైనా అనుకున్నారా?

లేదు, కూర్చోండి. కూర్చోండక్కా. చెప్పాల్సిందొకటుంది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని మీరు దిగినప్పట్నుంచీ దాటేస్తూనే ఉన్నాను. మీరు రానన్నారు కాబట్టి చెబుతున్నాను. వచ్చుంటే బహుశా చెప్పకపోదును.

మొన్న మీరు అడిగారు కదా, నువ్వేం ఉద్యోగం చేస్తావమ్మా అని. కాయితాల పని అన్నాను. కాయితాల పనే. ఏం కాయితాలో మీరడగలేదు, నేను చెప్పలేదు.

వన్-నార్త్‌లో మా ఆఫీసు. గంజాయి అమ్ముకోవడం తప్పు కాని దేశాలు కొన్ని ఉన్నాయక్కా. అవును, ఉన్నాయి. మన కిరాణా కొట్టుకి లైసెన్సు ఇచ్చినట్టు అక్కడ దానికీ ఇస్తారు. కొట్టు బడికి ఎంత దూరంలో ఉండాలి, కెమెరాలో పడ్డది ఎన్నాళ్లు దాచాలి, సీసా మూత పిల్లలు తీయలేకుండా ఎలా ఉండాలి, లేబుల్ మీద అక్షరం ఎంత ఎత్తుండాలి, గడువు తీరేలోపు ఏ ఫారం పెట్టుకోవాలి. ఈ రూళ్లు ఊరికే మారిపోతుంటాయి. మారినప్పుడల్లా చదివి, ఆ కొట్ల వాళ్లకి తేలిగ్గా అర్థమయ్యేలా రాసి పంపడం నా పని. వాళ్లు లేబుళ్ల ఫొటోలు పంపిస్తారు. సరిగ్గా ఉందో లేదో చూసి చెబుతాను.

అలా చూడకండి. ఆకు ఎలా ఉంటుందో నేను కంటితో చూళ్లేదు. ఈ దేశంలో అది సంచిలో దొరికితే జైలు, దాని గురించి రాస్తే జీతం. నేను ముట్టింది కాయితాన్నే. తొమ్మిదేళ్లుగా ఈ మాట చెప్పుకునే నిద్రపోయాను.

మా పనిలో ఒక అలవాటుంది. ఎవరేం అడిగినా 'చెయ్యండి' అని రాయం. 'చెయ్యొద్దు' అనీ రాయం. 'రూలు ప్రకారం ఉన్నట్టు కనిపిస్తోంది' అంటాం, అంతే. రేపేదైనా అయితే మా మీదికి రాకూడదు కదా. చేరిన వారంలోనే నేర్పించేస్తారు. ఆ అలవాటు గుర్తుపెట్టుకోండి, దాని దగ్గరికే వస్తున్నాను.

మీ తమ్ముడు నాకెలా తెలుసంటే, కరోనా అప్పుడు. వర్కర్ల డార్మిటరీలకి తాళాలేసేశారు కదా, మా తెలుగు వాళ్లం కొంతమందిమి అన్నం ప్యాకెట్లు పట్టుకెళ్లేవాళ్లం. కంచె అవతల నించుని, నా అనకాపల్లి యాస విని, మీది మా వైపేనా అక్కా అన్నాడు. అంతే. అన్నీ తెరిచాక మొదటి ఆదివారమే వచ్చేశాడు. వారమంతా జురాంగ్ ఐలాండ్‌లో పరంజా కట్టడం, ఆదివారం టెక్కా మార్కెట్‌లో చేపలు కొనుక్కుని పదకొండింటికల్లా ఇక్కడ దిగడం. నన్ను పొయ్యి దగ్గరికి రానిచ్చేవాడు కాదు. పులుసు వాడే పెట్టేవాడు, మీరు పెట్టినట్టే పెడుతున్నానని చెప్పి.

నాకూ ఎవరున్నారు చెప్పండి ఇక్కడ.

నిరుడు నాకు సర్పి వచ్చింది. ఇదిగో, ఇక్కడ, వీపు నుంచి ఎడం రొమ్ము కిందదాకా. పొక్కులు మాడిపోయాయి గానీ నొప్పి పోలేదు. జాకెట్టు గుడ్డ తగిలినా నిప్పంటుకున్నట్టే ఉండేది. మందులిచ్చారు. మగత వచ్చింది తప్ప నొప్పి తగ్గలేదు. నాలుగు నెలలు కుర్చీలో కూర్చునే నిద్రపోయానక్కా.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం, వాడు చేప ముక్కలు పులుసులో వేస్తున్నాడు. నేను అన్నాను. నేను రోజూ కాయితాల్లో రాసే నూనె ఒకటుంది ఏసుబాబూ, థాయిలాండ్‌లో కొట్లో పెట్టి అమ్ముతారు, ఇలాంటి నరాల నొప్పికే రాసుకుంటారట, నాకు లేబుల్ చదివే రాతే గాని సీసా చూసే రాత లేదు. అలా అన్నాను.

వాడు గరిటె ఆపి, గంజాయి నూనా అక్కా అన్నాడు. లైసెన్సు కొట్లో మందులా అమ్ముతారన్నాను. అయితే తప్పు కాదన్నమాట అన్నాడు. అక్కడ తప్పు కాదు అన్నాను.

అక్కడ. ఆ మాట నేను ఒత్తి పలకలేదు. ఎందుకు పలకలేదో చెబుతాను, ఆగండి.

తర్వాత నెలలో వాళ్ల కంపెనీ నలుగుర్ని థాయిలాండ్ పంపింది. అక్కడేదో ప్లాంటు ఆపి రిపేరు చేస్తుంటే పరంజా పని, రెండు వారాలు. తిరిగొచ్చే ముందురోజు మధ్యాహ్నం నా ఫోనుకి ఒక ఫొటో వచ్చింది, వెనకే వాడి గొంతు. నేను ఆఫీసులో ఉన్నాను.

వాడి ఫోన్లో అదంతా లేదక్కా. ఎయిర్‌పోర్టులో పక్కకి రమ్మన్నప్పుడే తుడిచేసుంటాడు. నా ఫోన్లో ఉంది. నేను తుడవలేదు. ఇదిగో, వినండి.

"అక్కా, మీరు సెప్పినలాంటి కొట్లోనే ఉన్నాను. గోడకి లైసెన్సు కట్టుంది. బిల్లు కూడా ఇత్తామంటన్నారు. సీసా ఫొటో పంపేను, సూడండి. ఇది మనకాడికి తెచ్చినా పరవాలేదా? మీరు తెమ్మంటే తెత్తాను, వద్దంటే ఇక్కడే ఒగ్గెత్తాను."

ఏడవకండి. పోనీ, ఏడవండి. వాడి గొంతు విని ఏడాది అయింది కదా మీకు.

మళ్లీ పెట్టనా?

విన్నారుగా, ఎంత శుభ్రంగా అడిగాడో. వాడు వెర్రివాడేం కాదు. పన్నెండేళ్లుగా ఈ దేశంలో ఉన్నాడు, ఎయిర్‌పోర్టులో బోర్డులు చూడకుండా ఎలా ఉంటాడు? చూశాడు కాబట్టే అడిగాడు. ఇరవై దేశాల రూళ్లు చదివే అక్క ఉంది కదా, ఆవిడకి తెలీకుండా ఉంటుందా అని అడిగాడు.

నేనేం జవాబిచ్చానో చూడండి. మీకు చదవడం రాదు కదూ. నేనే చదువుతాను. 'లేబుల్ సరిగ్గానే ఉంది. లైసెన్సు నంబరు కూడా ఉంది.' అంతే రాశాను. తెమ్మని రాయలేదు. వద్దని రాయలేదు.

ఏడాదిగా నాకు నేను చెప్పుకున్న కథ ఏంటంటే, పనిలో ఉన్నాను, రోజుకి నలభై లేబుళ్లు చూసేదాన్ని, అలవాటు కొద్దీ ఇది కూడా అలాగే చూసేశాను, పొరపాటు. మీకూ అదే చెప్పి ఊరుకోవచ్చు. మీరు నమ్ముతారు కూడా.

పొరపాటు కాదక్కా. ఆ రోజు 'అక్కడ' అని ఒత్తి పలకకపోవడమూ పొరపాటు కాదు, ఆ నూనె నాకు కావాలి.

రెండుసార్లు విన్నాను ఆ గొంతు. విని, 'వద్దు, తేకు' అని టైపు చేశాను. రెండే మాటలు. పంపబోతూ కుర్చీలో వెనక్కి వాలాను, నొప్పి ఉన్న వైపు కుర్చీకి తగిలింది. కళ్ల ముందు చీకట్లు కమ్మాయి. అరచేత్తో నోరు మూసుకున్నాను, పక్కన వాళ్లు చూస్తారని. తర్వాత ఆ రెండు మాటలూ చెరిపేశాను. చిన్న సీసా, ఎవరు చూస్తారులే అనిపించింది. ఒకవేళ చూసినా నేను తెమ్మనలేదు కదా అనిపించింది. అదీ అనిపించింది, అదే నిమిషంలో. అప్పుడు రాశాను, లేబుల్ సరిగ్గానే ఉందని.

తొమ్మిదేళ్లు నేర్చుకున్న విద్య, మీ తమ్ముడి మీద వాడాను.

వాడేం చేశాడో తెలుసా? సీసాని చొక్కాలో చుట్టి, పైన బిల్లు పెట్టాడు. దాచుకోలేదు. బ్యాగు తెరవమంటే తనే బిల్లు తీసి ఆఫీసర్ చేతికిచ్చాడట, లైసెన్సు కొట్టు సార్ అని. లాయరు చెప్పాడు నాకు. ఎవరి కోసం తెచ్చావంటే నా నడుం నొప్పికి అన్నాడు. పరంజా కట్టేవాడికి నడుం నొప్పంటే ఎవరు నమ్మరు? ఎన్నిసార్లు అడిగినా అదే మాట. ఐదేళ్లు జైలు, ఐదు బెత్తం దెబ్బలు అన్నప్పుడూ అదే మాట.

కోర్టుకి నేను వెళ్లలేదు. వెనక బెంచీలో కూర్చున్నా, నువ్వెవరని అడుగుతారేమోనని.

ఎందుకు చెప్పలేదంటారా ఇన్నాళ్లు? పోలీసులకా? నేను చెప్పినా వాడు బయటికి రాడక్కా, ఇద్దరం లోపలుంటాం అంతే. లాయర్ని అడిగి కనుక్కున్నాను... లేదు. అబద్ధం. అడగలేదు. అడిగితే వెళ్లి చెప్పమంటాడేమోనని భయం. మీకు టిక్కెట్టు కొన్నది కూడా దయ అనుకోకండి. మిమ్మల్ని చూపిస్తే వాడు కాస్త తేలికపడతాడు, నేనూ పడతాననుకున్నాను.

ఆ ఫొటోలో సీసా పట్టుకున్న బొటనవేలు కనిపిస్తోందా? గోరు నల్లగా ఉంది చూడండి. పైపు పడి కమిలిపోయింది. ఇప్పుడు ఎవరు ఏ లేబుల్ పంపినా ఆ మూల నాకు ఆ గోరే కనిపిస్తుంది. నిన్న కూడా, కెనడా నుంచి ఎవరో పంపారు. తెరిచి, మూసి, మళ్లీ తెరిచాను. ఆదివారం పదకొండింటికి లిఫ్టు ఆగిన చప్పుడైతే లేచి తలుపు తీస్తాను. బయట ఎవరూ ఉండరు. చేపల పులుసు వాసన మాత్రం వస్తుంది, పక్క ఫ్లాటు మలయ్ వాళ్లదేమో, ఏమో మరి. పోయినవాళ్లు కనబడతారంటారు గానీ, బతికున్నవాడు ఇలా తిరుగుతాడని నాకు తెలీదు.

థాయిలాండ్ వాళ్లు రూలు మార్చారు ఆ తర్వాత. గంజాయి మొగ్గకి ఇప్పుడు డాక్టరు చీటీ కావాలి. ఆ సంగతి రాసి పంపిందీ నేనే. ఏ తేదీ నుంచి అమలో, ఏ ఫారం పెట్టాలో, అంతా వివరంగా. ఒక్క తప్పు లేదన్నారు.

లేచారేంటి?

ఒకటీ ఇరవైయే, ఇంకా టైముందక్కా. ఆ సంచీ ఇలా ఇవ్వండి, నేను... సరే, మీరే పట్టుకోండి. లోపలికి ఏదీ పట్టుకెళ్లనివ్వరు, బైబిలు కూడా గేటు దగ్గరే ఇచ్చేయాలేమో. పోనీ ఉండనివ్వండి.

నేను రావద్దా?

సరే. రానులెండి. వాడు రాసిచ్చిన లిస్టులో నా పేరు ఎలాగూ లేదు. మీదొక్కటే ఉంది. టాక్సీ మన బ్లాకు కిందికే వస్తుంది, ఈ చీటీ డ్రైవరుకి చూపించండి. ఈ రెండో చీటీ అక్కడ కౌంటర్‌లో. పాస్‌పోర్టు చేతిలోనే ఉంచుకోండి. తిరిగి ఇక్కడికి రాకపోయినా పరవాలేదు, ఇంకెవరింట్లోనైనా ఉంటానంటే ఏర్పాటు చేస్తాను.

ఒక్క మాట అక్కా, చెప్పులేసుకుంటూ వినండి చాలు.

జైలు నుంచి నాకు ఒకే ఒక్క ఉత్తరం రాశాడు. అందులో నూనె మాట లేదు, మెసేజీ మాట లేదు. నొప్పి తగ్గిందా అక్కా అని ఉంది. నేను జవాబు రాయలేదు. ఇవాళ మిమ్మల్ని కూడా అడుగుతాడు.

తగ్గిపోయిందక్కా. వాడు పట్టుబడిన మూడో వారానికి, దానంతటదే పోయింది. ఏ నూనె అక్కర్లేకుండానే.

అది మాత్రం వాడికి చెప్పకండి. నన్ను తిట్టినా సరే, నా పేరెత్తకపోయినా సరే. అడిగితే మాత్రం ఇంకా ఉందని చెప్పండి. వాడు ఇంకా నాలుగేళ్లు లోపలుండాలి.