చేతులు జూసి కలిపిన లెక్క

ఏందే దీప్తీ, పొద్దటిసంది ఆ కంప్యూటర్ల తలకాయ వెట్టి కూసున్నవ్, జర బయటికి తియ్యి. ఏందీ? దుకాణంల అమ్మిన లిస్టు ఒకటి, ఫోన్ల అమ్మింది ఒకటి, ఎగ్జిబిషన్ల అమ్మింది ఇంకోటి, మూడు ఒక్కతాన కలుపుతాన్నవా? ఒక్క మనిషే మూడింట్ల మూడు పేర్లతోని ఉన్నదా? ఓసి పిచ్చిదానా, గా పని మా షహజాదీ ఎన్నడో జేసింది, అది గూడ పరదా ఎనుక కూసోని. నవ్వకు. మీ అమ్మమ్మ పెంచి చెప్తది గని అబద్ధం చెప్పది.

షహజాదీ అంటే మండిబజార్ల గాజుల దుకాణం మతీన్ లేడా, ఆయన పెండ్లాం. ఇప్పుడు ఇద్దరు లేరు, దుకాణం గూడ లేదు, సెల్ ఫోన్లు అమ్ముతాన్రు ఆడ. ఆమెకు పుట్టింటోళ్ళు ఇచ్చింది ఒక గాజుల గంప. మామూలు గంప గాదు, ఏనుగు నెత్తిన వెడితె ఏనుగు మోకాళ్ళ మీద కూసోవాలె. గది ఎత్తుకోని ఊరూరు తిరిగేది. మా వాడకట్టుల గంప దించిందంటె ఆడోళ్ళందరం పొయ్యి మీద కూర ఇడిసిపెట్టి ఉరికేటోళ్ళం, ఆ దినం ఊరంత మాడు కూరే. మీ తాత మూతి ముడుసుకోని తినేటోడు. గాజులు తొడిగేది చేత్తోని, ఊర్ల ముచ్చట్లు పెట్టేది నోటితోని. మా చెల్లె నీళ్ళోసుకున్న సంగతి నాకు ఉత్తరంల రాలే, షహజాదీ గంపల వచ్చింది. అవునూ, ఆ చెల్లె బిడ్డనే గదా మొన్న నీకు జామకాయలు పంపింది... ఆఁ, ఏడున్న?

మతీన్ దుకాణంల అమ్ముతడు. తమ్ముడు మహమూద్ కేసముద్రం అంగట్ల బండి వెడ్తడు. ఈమె గంప. మాపటీలి ముగ్గురి అమ్మకం కలిపి జూస్తె దుకాణం కొండంత, బండి గుట్టంత, గంప ఇగో, చీమ పుట్టంత. మతీన్ అన్నడట, 'చాలు బేగం, గంప బంద్ జెయ్యి, ఇంట్ల సుఖంగ ఉండు' అని. మంచోడే పాపం, ప్రేమతోనే అన్నడు. గని ఆమె మొఖం జూడాలె నువ్వు, పిల్లి ఎత్తుకపోయిన కోడిపిల్ల లెక్క.

గప్పుడే ఆమె అత్తకు నడుము పట్టుకున్నది. దుకాణంల ఒక మూలకు పరదా కట్టి, ముసలామె లోపట కూసోని ఆడోళ్ళకు గాజులు తొడిగేది. ఆమె జాగల షహజాదీ కూసున్నది. ఊర్లల్ల తిరిగితె ఎవ్వలు జూడరట, బజార్ల మాత్రం జూత్తరట, గందుకే పరదా! వచ్చినోళ్ళు పరదా సందులకెల్లి చెయ్యి పెట్టాలె, మొఖం కనబడది. మతీన్ వాళ్ళందరిని పట్నం గిరాకీ అనుకునేటోడు. ఒక చెయ్యి వచ్చింది, మిరపకాయలు తెంపి తెంపి గోర్లు ఎర్రగైనయ్. 'ఏం భవానీ, కోడలు అలక తీరిందా?' అన్నది లోపటికెల్లి. మా ఊరి భవాని కెవ్వున అరిసింది, హన్మకొండ దాక ఇనవడ్డది. ఇంకో చెయ్యి వచ్చె, చిన్నప్పుడు ఇరిగి వంకర అతికిన మణికట్టు. అది మొగిలయ్య కోడలు. మహమూద్ ఆమెను 'పల్లికాయలామె' అంటడు, మతీన్ 'మేడం' అంటడు, గంపకాడ ఆమె 'మొగిలయ్య కోడలు'. మూడు పేర్లు, చెయ్యి ఒక్కటే. బజార్ల గిన్ని దుకాణాలుంటె ఈడికే ఎందుకొచ్చినవ్ అని మతీన్ తోని అడిగిపిచ్చింది. 'గంప షహజాదీ దుకాణమని వచ్చిన' అన్నదట. ఒక్కలు గాదే, పదిమందిల తొమ్మిదిమంది గట్లనే. షహజాదీ ఆరుగురే అనేది, ఆమెకు చెప్పుడు రాదు.

నేను గూడ పోయిన, ఉత్తగనే చెయ్యి పెట్టిన. 'సుగుణక్కా, నీ చేతికి ఇగ గాజులు పట్టయ్, లావైనవ్' అని గిల్లింది.

మతీన్ కు దిమ్మ దిరిగింది. గంప తిరిగితెనే దుకాణం నడుత్తాంది అని తేలిపాయె. సంబురంతోని బజారంత మిఠాయి పంచిండు. గంప బంద్ చేసుడు లేదన్నడు. మంచిదే గదా అనుకున్నం. గంపను మహమూద్ కు ఇచ్చిండు, మోపెడ్ కొనిచ్చి. ఈమెతోని ఏమన్నడో ఎరికేనా, 'గిన్ని చేతులను గుర్తువట్టేదానివి, నువ్వు దుకాణంలనే ఉండాలె' అని. ఆమె లెక్క సక్కగనే ఉన్నది బిడ్డా, తప్పు లేదు దాంట్ల.

నేను పోయి తిట్టిన. గంత తెలివి ఉన్నదానివి, 'నాకు తిరుగుడు ఇష్టం' అని మతీన్ కు ఒక్క ముక్క ఎందుకు చెప్పలేదే అన్న.

'ఇష్టమంటె నవ్వుతరక్కా. గందుకే లెక్క జెప్పిన' అన్నది.

మరుసటేడు నేను మళ్ళ దుకాణానికి పోతె, పరదా పక్కకు జరిపి కాళ్ళు చాపింది. మడిమెల పగుళ్ళు ఒక్కటి లేవు. ఎర్రమట్టి ఎన్నడు వదలని కాళ్ళు అవి, మా వాకిట్ల దులిపితె కుప్ప అయ్యేది. 'సూడక్కా, నవాబు బిడ్డ కాళ్ళు' అన్నది. ముట్టి జూసిన. మెత్తగ, పసిపిల్లవి లెక్క...

సరే తియ్యి. ఆ కిటికీ తెరువు జర, ఉడుకపోత్తాంది.