సిక్ లైన్

హిందీ మాట్లాడే బాగ్‌బేరాలోని ఇంటి వరండాలో తాత చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు. రైల్వేలో ముప్పై ఏళ్లు వ్యాగన్లు బాగుచేసి రిటైరైన మనిషి. మూడు వారాలుగా బడికి పోని మనవరాలిని ఈరోజు డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి.

"లెగు బుల్లీ. ఆటో వత్తాది."

"మన్ నహీ హై, తాతా."

"మనసు లేదంటే ఎలాగే?"

"డాక్టరుకి ఏం చెప్పాలి? జ్వరం లేదు, దెబ్బ లేదు. నాటకమంటారు."

"ఎవులన్నారలాగ?"

"నువ్వే. పోయిన వారం."

ఆయన చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు.

"తప్పే అన్నాను. వ్యాగన్ చక్రం మీద చెయ్యి పెట్టి చూసినపుడు వేడెక్కుంటే ఏటి చేత్తాం?"

"సుద్దముక్కతో సిక్ అని రాస్తారు. వందసార్లు చెప్పావు."

"రాసి, బండిలోంచి విడదీసి, సిక్ లైన్లో పెట్టి బాగుచేత్తాం. పైకి బాగానే ఉందికదాని తిట్టి తోలెయ్యం. బాగయ్యాక ఫిట్ రాసి పంపేత్తాం."

"ఆప్ భీ తో సిక్ హో, తాతా."

"నేనా? నాకేటయింది?"

"నానమ్మ పోయాక రేడియో ముట్టుకోలేదు. అన్నం సగం వదిలేస్తావు. తెల్లారకుండానే లేచి గోడకేసి చూస్తావు. ఎవరొచ్చినా కసురుతావు."

"ముసిలోళ్లు అంతే."

"నీ చక్రం మీద ఎవరూ చెయ్యి పెట్టి చూడలేదు. అంతే."

వీధిలో ఆటో హారన్ మోగింది. ఆయన చాలాసేపు చెప్పులు వెతికాడు. అవి కాళ్ల దగ్గరే ఉన్నాయి.

"ఆస్పత్రిలో పేరు రాసే పర్చీలు, ఆ చీటీలు, రెండు రాయించు."

"రెండోది ఎవరికి?"

"తెలిసే అడుగుతావేటే? ముందు నీది చూపిద్దాం. నాది పాత వ్యాగన్, పనెక్కువుంటాది."