గోడ ముందు వాగుడు

బుడాపెస్ట్‌లో ఎనిమిదో పేట, మూడో అంతస్తు వంటిల్లు. వెండెల్ తాత తెల్లచొక్కా తొడుక్కుని బయలుదేరబోతుంటే, మనవరాలు ఇబోయా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అడ్డు లే పిల్లా, టైమవుతోంది."

"అవనీ. నువ్వా సినిమా హాలుకి వెళ్లడానికి వీల్లేదు తాతా."

"అదేం మాట? నేను వేసిన ఆ పాత సినిమాని కడిగి కొత్తగా చేశారట. ఆట అయ్యాక నన్ను స్టేజీ ఎక్కిస్తారట."

"ఎందుకెక్కిస్తారో తెలీదా? ఆ సినిమాలో ప్రతి సిపాయికీ పేరుంది. గుర్రానికి కూడా పేరుంది. నీకు? జిప్సీ, అంతే! పెద్దబాతుని దొంగిలించడం, బురదలో పడటం, తన్నులు తినడం..."

"ఆ బాతు నిజంగానే కరిచింది తెలుసా?"

"నవ్వకు, ఒళ్లు మండుతోంది! ఆఖర్న ఆ గోడ సీనొకటి. తుపాకులెత్తగానే చేతులు పైకెత్తి ఆ పిచ్చి వాగుడు. ఏటా కొత్త సంవత్సరానికి టీవీలో వేస్తారు. దేశమంతటికీ నోటికొచ్చు. ఇవాళా అదే అనమంటారు."

"అంటాను."

"సిగ్గు లేదూ? మా ఆఫీసువాళ్లంతా వస్తున్నారక్కడికి."

"రానీ. మా తాతే అని చెప్పు."

"అది కాదు తాతా..."

"చెప్పలేదా?"

"మనం జిప్సీలమనే చెప్పలేదు."

"ఊఁ."

"ఊఁ ఏంటి? తిట్టు."

"తిట్టి ఏం చెయ్యను?"

"ఇంకోటి కూడా ఉంది. బళ్లో ఆ వాగుడుతోనే నన్ను ఏడిపించేవాళ్లు. ఓరోజు విసుగొచ్చి నేనే బెంచీ ఎక్కి అనేశాను. అందరూ పడీపడీ నవ్వారు, టీచరుతో సహా. అప్పట్నుంచి ఏడిపించడం మానేశారు. మొన్న ఆఫీసు విందులో కూడా... అన్నాను. నామీద అనుమానం రాకూడదని."

"నువ్వా? ఏదీ, ఓసారి అను."

"ఛీ, ఊరుకో."

"అనవే, వింటాను."

"లులుగి, బంగో, మొజోల్, పుపు..."

"పుపు రెండుసార్లు."

"అర్థంలేని కూతకి ఒకసారైతేనేం, పదిసార్లైతేనేం?"

"ఒక్క పిలుపుకి పలికేవాడు కాదు."

"ఎవడు?"

"పుపు. మా తమ్ముడు."

"నీకు తమ్ముడెక్కడున్నాడు?"

"ఉండేవాడు. మనవాళ్లకి కాగితాల మీద ఒక పేరు, ఇంట్లో ఒక పేరు కదే. ఇంట్లో పేరు బయటివాళ్ల చెవికి కూతలాగే ఉంటుంది."

"మరి లులుగి?"

"మా అమ్మ. బంగో మా నాన్న. మొజోల్ అక్క."

"వాళ్లంతా యుద్ధంలో జ్వరమొచ్చి పోయారన్నావు!"

"అలా చెప్పాను. ఆకుపచ్చ చొక్కాల నాజీ మూకవాళ్లు వచ్చి ఊరి బయట గోడకి నిలబెట్టారు. ఏడేళ్లవాణ్ణి, గడ్డివాము వెనక దాక్కుని చూశాను."

"తాతా..."

"సినిమాకి రాసిన మాట వేరే. 'అయ్యా, తప్పైపోయింది' అనాలి. గోడ ముందు నిలబెట్టి తుపాకులెత్తేసరికి అది నోటికి రాలేదు, వీళ్లొచ్చారు. డైరెక్టరు పొట్ట పట్టుకుని నవ్వాడు. భలే ఉంది, ఇదే ఉంచండన్నాడు. పోయినవాళ్ల పేరు మనం ఊరికే తలవకూడదు. నేను తలిచాను, డబ్బు పుచ్చుకున్నాను, నోరు మూసుకున్నాను. సిగ్గు లేదా అన్నావే. ఉంది తల్లీ, చచ్చేంత ఉంది."

"నేను విందులో వాళ్ల పేర్లు చెప్పి నవ్వించాను, తాతా."

"నీకేం తెలుసు."

"మరి ఇవాళ మళ్లీ ఎందుకనడం?"

"అంటాను, నవ్వుతారు. నవ్వడం అయ్యేదాకా ఆగి, ఎవరెవరో చెబుతాను."

"నేనూ వస్తాను. నీతోపాటే స్టేజీ ఎక్కుతాను."

"మీ ఆఫీసువాళ్లు చూస్తారే!"

"చూడనీ. నువ్వు చెప్పు, మీ అమ్మ ఎలా ఉండేదో నాకు చెప్పు. లులుగి."

"అదేనే నా ఏడుపు. ఆ పేరు తలుచుకుంటే అమ్మ మొహం రావడం లేదు. జనం నవ్వే వినిపిస్తోంది."