నాగక్క మడతకత్తి

ఇందాక ఇరవై నిమిషాలపాటు నా గురించి నాకే తెలియని మంచి సంగతులు చెప్పిన సభాధ్యక్షులు, మా పెద్దసారు వెంకటరామారావు గారికి, ఇన్నేళ్లు నన్ను భరించిన మన పశువుల దవాఖానా సిబ్బందికి, గొడ్లను పక్కింటివాళ్లకు అప్పజెప్పి అంత దూరం చర్ల నుంచి వచ్చిన రైతులకు, పెద్దలకు, మొదటి వరుసలో కూర్చుని కళ్లతోనే గడియారం చూపిస్తున్న నా భార్య సోనికి ఈ రామ్‌చందర్ నమస్కారాలు.

ముప్పై నాలుగేళ్లు పశువులకు సూదులు వేశాను. ఏ ఇంటికి పోయినా ముందు చూరులో కత్తి ఉందేమో చూసి, ఆ తరువాతే ఆవును చూసేవాణ్ణని ఇందాక మన సిబ్బంది తరఫున మాట్లాడిన సీతారావమ్మ గారు చెప్పింది అబద్ధం కాదు. (నవ్వులు) పొగాకు కోసే మడతచాకులు, తోలు ఒర ఎండి అప్పడంలా విరిగే వేటకత్తులు, దొరల కాలంలో అడవికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన పరాయిదేశపు కత్తులు, ఇలా ముప్పై ఒక్కటి పోగుచేశాను. ప్రతి ఆదివారం నూనె గుడ్డతో తుడుస్తాను. "ముప్పై కత్తులున్నయ్, వంకాయ కోసేటందుకు పదునున్నది ఒక్కటి లేదు" అని సోని అంటుంది. అదీ నిజమే.

ఒకసారి చెక్‌పోస్టులో కొత్త కానిస్టేబుల్ నా సంచి విప్పించాడు. సూదుల డబ్బా కింద పదకొండు కత్తులు.

"ఏందివి?"

"నా కలెక్షన్ సార్."

"ఎవరి దగ్గర కలెక్షన్ చేస్తున్నవ్?"

(నవ్వులు) నన్ను విడిపించడానికి మా డాక్టరు గారు రావలసి వచ్చింది.

నేను చర్ల వైపు పనిచేస్తున్నప్పుడు, పదకొండేళ్ల కిందట, అదిగో మూడో వరుసలో కూర్చున్న నాగక్క నన్ను పిలిచి ఒక మడతకత్తి ఇచ్చింది. ఇత్తడి పిడి, బెత్తెడు అలుగు, దాని పక్కనే మడిచిన చిన్న రంపం. అంతకు ముందు గాని తరువాత గాని అలాంటిది నేను చూడలేదు. అది ఆమె భర్త సీతయ్యది, ఆయన చనిపోయి అప్పటికి నెల కూడా కాలేదు.

"మా మరుదులు దీనికోసం కొట్టుకుంటున్నరు సారూ. నీ కాడ దాసిపెట్టు. అడిగినప్పుడియ్యి" అంది.

సరేనన్నాను. ఆరేళ్ల కిందట తనిఖీకి వచ్చిన పెద్దసారు నా కత్తుల పెట్టె తెరిపించి, ముప్పై ఒక్కటిలో సరిగ్గా దాన్నే తీశారు. మంచి కన్ను సారుది. "చూసిస్తానయ్యా" అన్నారు. మన శాఖలో ఆ మాటకు గడువు ఉండదని మీ అందరికీ తెలుసు. (నవ్వులు) బదిలీ భయం ఒక ఏడు, ఇంక్రిమెంటు భయం ఒక ఏడు, ఏ భయమూ లేని ఏడు అలవాటు, అలా అడగలేకపోయాను. నాగక్క మాత్రం ఏటా అడిగింది. సానకిచ్చానని ఒకసారి, తాళంచెవి పోయిందని ఒకసారి చెప్పాను. ఆమె మరుదులు ముసలివాళ్లయి కొట్లాటే మరిచిపోయారు. నా అబద్ధాలు మాత్రం కొత్తవి పుడుతూనే ఉన్నాయి.

సార్, ఇందాకే నా రిలీవింగ్ ఆర్డరు మీద సంతకం అయింది. పింఛను కాగితాలు ఇంకా మీ టేబుల్ మీదే ఉన్నాయని సోని కళ్లతో చెబుతోంది. తెలుసు. అయినా అడుగుతున్నాను. నాగక్క కత్తి ఇప్పించండి సార్.

(పెద్దసారు పక్కకు వంగి ఏదో చెప్పారు.)

ఇంట్లో భద్రంగా ఉందంటారా? పంపిస్తారా? చాలా సంతోషం. ఏంది, సారు డ్రైవరు మంగీలాల్ తలుపు దగ్గర చెయ్యెత్తుతున్నడు? గట్టిగ చెప్పు.

"సార్, గది మన కార్లనే ఉంది గద! పొద్దుగాల పుచ్చకాయ గూడ కోస్తిమి!"

(పెద్దగా నవ్వులు)

నవ్వకండి, డ్రైవర్ ఉద్యోగం పోతుంది. సారేమో "అదా! అది ఆఫీసుదనుకున్నానయ్యా" అంటున్నారు. సార్, అది నాగక్కదని రిజిస్టరులో రాసి ఇన్‌వర్డ్ నంబరు వెయ్యలేదు, పొరపాటు నాదే. వెళ్లు మంగీలాల్, జల్దీ తీసుకురా.

(కత్తి తెచ్చారు. నాగక్క వేదిక ఎక్కింది.)

అక్కా, ఇదేనా? జిగటగా ఉంది, కడిగిస్తాను ఉండు.

"నేను తుడుచుకుంట తియ్యి. దాస్తవని నీకిచ్చిన సారూ. నువ్వు భయపడి, సానకిచ్చిన్నని నాకు చెప్పినవ్."

అవ్ అక్కా. భయపడ్డాను.

"ఇగ నా కాడనే ఉంటది."

చూశారా, కొంగుతో తుడిచింది, మడిచింది, నడుములో దోపుకుంది. మళ్లీ నాకిచ్చి దాచమంటుందని లోపల ఒక మూల ఆశపడ్డాను. ఆ ఆశకు సిగ్గుపడుతున్నాను. నా పెట్టెలో అది ఉండే గుంట ఖాళీగానే ఉంటుంది. ఉండనివ్వండి.

పూలదండకు, శాలువాకు, ఓపికగా విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. సార్, మీకు కూడా, ఇది మనసులోంచి వచ్చిన మాటే. చర్ల బస్సు మూడున్నరకు ఉంది. నాగక్కకు ముందు భోజనం వడ్డించండి. నాకు సెలవు.