వదినకు వచ్చిన ప్రశ్నలు

ఒమన్ దేశపు ఖబూరాలో, కూలీల రూమ్‌లో శుక్రవారం పొద్దున లింబాద్రి ఫోన్ ముందర పెట్టుకుని తల గోక్కుంటున్నాడు. ఊళ్లో భార్యకు రొమ్ములో కేన్సర్ గడ్డ తేలింది. ఏ ఆపరేషన్ కావాలో సోమవారానికల్లా చెప్పమన్నారు డాక్టర్లు. పక్క మంచం మీది సంజీవ్‌ను అడిగాడు.

“తమ్మీ సంజీవ్, గడ్డొక్కటే తీసి రేడియేషన్ కరెంటు పెట్టించుడా, మొత్తం రొమ్మే తీయించుడా? నువ్వయితే దేనికి టిక్కు పెడ్తవ్?”

“మళ్ల యూట్యూబ్ వైద్యమా అన్నా?”

“కాదురా, ఆసుపత్రి డాక్టరే పంపిన లింకు. తెలుగులనే ఉన్నది. ఏది చేసినా ఆయుష్షు ఒక్కతీరేనంట. ‘మీకేది ముఖ్యం’ అని పది ప్రశ్నలున్నయ్. జవాబులు చెప్పు.”

“పనిచేసే సైట్ల సేఫ్టీ పరీక్ష అనుకున్నవా, నాది చూసి కాపీ కొట్టెతందుకు? దీంట్ల పాసు, ఫెయిలు లేవే. వదిన మనసుల ఏమున్నదని అడుగుతున్నది.”

“ఇరవై ఏండ్లల్ల నేనే అడుగలే.”

“ఇప్పుడడుగు. స్పీకర్ పెట్టు.”

ఫోన్ కలిసింది. లింబాద్రి గొంతు సవరించుకున్నాడు.

“ఏమే, నీకేది ముఖ్యం?”

“ఇన్నాళ్లకు అడిగినవా! నేను, బిడ్డ కూసొని నిన్ననే అన్నీ నింపినం. గడ్డొక్కటే తీయించుకుంట. కరెంటుకు నెల్రోజులు పట్నంల ఉండాలె. మీ అమ్మకు అన్నం వండెతందుకు నువ్వు సెలవు పెట్టి రా.”